జిరాక్సులో బతికే గీత

మా వదినకు రంగులంటే నమ్మకం లేదు. "జిరాక్సులో బతకని రంగు రంగే కాదు" అంటుంది. నీళ్ల సరఫరా ఆఫీసులో గ్రాఫులు గీయడం ఆవిడ ఉద్యోగం. ఎనిమిది ట్యాంకుల నీళ్లలో మురికి ఎంతుందో ప్రతి నెలా ఒకే కాగితం మీద చూపించాలి.

ఆవిడకు ముందు పనిచేసినాయన ఎనిమిది రంగులు వాడేవాడు. ఏ రంగు ఏ ట్యాంకుదో మూలన చిన్న పెట్టెలో రాసేవాడు. నీటి కమిటీ సమావేశంలో పంచేవి మాత్రం జిరాక్సులు. ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా మాసిపోయి, గీతలన్నీ పిల్లి పీకిన దారపుండలా ఉండేవి. సభ్యులు తలలూపి, టీ తాగి లేచేవారు. ఆ చిక్కులోనే మా వీధి ట్యాంకు గీత ఏడాదిగా పైకి పాకుతోందని వదిన ఆ సీటులోకి వచ్చాకే బయటపడింది. ఈలోగా మా మేనకోడలు కామెర్లతో మంచం పట్టింది. నాకు భయం వేసింది. వదినకు కోపం వచ్చింది.

మా వీధి పైపు మార్చాలా వద్దా అని తేల్చే సమావేశం వచ్చింది. వదిన ముందుగా, తాగడానికి పనికొచ్చే నీటికి హద్దు గీసింది. దాని కిందున్న ఏడు గీతలనూ సన్నగా వేసింది, చుక్కలతో కొన్ని, తెగిన ముక్కలతో కొన్ని. హద్దు మీదికెక్కిన మా ట్యాంకు గీతను లావుగా, నల్లగా దిద్దింది. మూలనున్న పెట్టె తీసేసి, ప్రతి గీత చివరా దాని ట్యాంకు పేరు రాసింది.

"పేరు మనిషి పక్కనుండాలి గానీ, వీధి చివర బోర్డు మీదుంటే ఎవడు వెతుక్కుంటాడే?" అంది నాతో.

సూపరింటెండెంటుకు ఒళ్లు మండింది. "మీ వీధికి మీరే డప్పు కొట్టుకుంటారా? అన్నీ ఒకే లావులో ఉండాలి. మీరు గీత దాటుతున్నారమ్మా."

"దాటింది నేను కాదు సార్, ఈ గీత. హద్దు దాటితే మీ వీధిదైనా ఇంత లావుగానే వేస్తాను."

"మళ్లీ గీసి తీసుకురండి."

"గీయను. కావాలంటే మీరు గీసుకోండి."

సమావేశానికి అప్పటికే వేళయింది. చేసేది లేక వదిన గీసిన కాగితం జిరాక్సులే పంచారు. ఒక సభ్యురాలు కళ్లద్దాల కోసం సంచిలో వెతుక్కుంటూనే, "ఈ నీళ్లు ఇంకా తాగుతున్నారా వీళ్లు?" అంది. టీ చల్లారిపోయింది. పైపు మార్చాలని ఆ పూటే తేల్చారు.

మేనకోడలు లేచి తిరుగుతోంది. వదినను మాత్రం గ్రాఫుల నుంచి తప్పించి ఫిర్యాదుల కౌంటర్లో కూర్చోబెట్టారు. శిక్ష వేశామనుకున్నారు పాపం. ఇప్పుడు ఏ వీధి కుళాయి మురికి కక్కినా అందరికంటే ముందు తెలిసేది మా వదినకే.