పెద్దమ్మ దాచుకున్న ఓటు

పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తులేదు. పుప్పాలగూడలో ఇల్లు చేరేటప్పటికే పార్టీవాళ్లు వచ్చి ఆమె మీద జెండా కప్పేశారు. నలభై ఏళ్లుగా ఆ ఇల్లు ఆ పార్టీది కదా మరి. ఆ జెండా చూడగానే నాకు ఏడుపుతో పాటు బెరుకూ పుట్టింది. ఆమె నాకు అప్పజెప్పిన పని ఒకటుంది. ఇక దాన్ని వాయిదా వేయడానికి లేదు.

ఆమె మా ఇంటి ఓనరు. మేం గోదావరి వైపు నుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్లం, తొమ్మిదేళ్లుగా ఆ ఇంటి పైభాగంలో కిరాయికి ఉంటున్నాం. చుట్టూ ముప్పై అంతస్తుల టవర్లు లేచినా, మధ్యలో పాత ఊరి గల్లీ ఒకటి అలాగే మిగిలింది. ఆ గల్లీ అంతా ఒకే మాట మీద ఓటేస్తుందని ప్రతీతి. పోలింగ్ ముందురోజు సాయంత్రం పెద్దమ్మ వాళ్ల వాకిట్లో అందరూ కూర్చునేవారట. ఆమె భర్త ఒక పేరు చెప్పేవాడు. అందరూ చాయ్ తాగి లేచేవారు. ఆయన పోయాక ఆ పేరు కొడుకు చెబుతున్నాడు. సర్వేలవాళ్లు వచ్చినా గల్లీ మొత్తానికి ఒకటే టిక్కు పెట్టుకుని పోతారు.

ఈ సంగతి విని మొదట్లో నేను తెగ నవ్వాను. చదువుకున్నదాన్నన్న పొగరు. ఎవరో చెబితే వేయడమేంటండీ అన్నాను. అప్పటికి నా ఓటు ఇంకా మా ఊళ్లోనే ఉండేది, ప్రతిసారీ బస్సెక్కి వెళ్లి వేసొచ్చేదాన్ని. పెద్దమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మరి నీకెవరూ చెప్పరా అని అడిగింది. మా నాన్న ఫోన్ చేసి చెబుతారు. ఆ ముక్క నేను అనలేదు కానీ ఆమెకు అర్థమైపోయింది.

"నీళ్లు మా ఊరియి తాగుతవ్, ఓటు మీ నాయిన చెప్పినోనికి ఏస్తవ్. మంచిగుంది బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు కిందికి దిగలేదు. మూడో రోజు ఆమే చిక్కుడుకాయ కూర పట్టుకుని ఎక్కలేక మెట్లెక్కి వచ్చింది.

కూర పంచడం ఆమె అలవాటు. ఏం వండినా మొదటి గిన్నె మాత్రం గోడ మీదుగా పక్కింటికి వెళ్లేది. పక్కిల్లు మరిదిది. ఒకప్పుడు రెండిళ్లకూ ఒకటే వాకిలి, మధ్యలో గోడ కట్టించింది ఆమె భర్తే. ఎందుకు కట్టించాడో, మేం వచ్చిన చాలా ఏళ్లకు ఒక మధ్యాహ్నం నాకు చెప్పింది.

ఊరికి ఇంకా పంచాయతీ ఉన్న రోజుల్లో గల్లీ చివరింటి ఆవిడ సర్పంచిగా నిలబడింది. ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టిస్తానంది. తెల్లారకముందే చెంబు పట్టుకుని పొలాల్లోకి పోయే బాధ మగాళ్లకేం తెలుసు? పెద్దమ్మ భర్త వాకిట్లో తన స్నేహితుడి పేరు చెప్పాడు. పెద్దమ్మ అందరికీ చాయ్ పోసింది, పొద్దున్నే వెళ్లి ఆ ఆవిడకు ఓటేసింది. కొద్ది ఓట్ల తేడాతో ఆ ఆవిడే గెలిచింది.

మాట తప్పిందెవరని ఆయన నెలరోజులు ఆరా తీశాడు. అందరినీ అనుమానించాడు, తన ఇల్లాలిని తప్ప. చివరికి తమ్ముడేనని తేల్చుకుని గోడ లేపాడు. తమ్ముడు అవుననలేదు, కాదనలేదు. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోకుండానే ఆయన పోయాడు. గల్లీలో మరిదికి మాత్రం మాట తప్పినవాడన్న పేరు ఉండిపోయింది.

"చెప్తే నా సంసారం నిలబడకపోతుండె. చెప్పకుండ మా మరిది మొగం సూడలేకపోయిన," అంది పెద్దమ్మ. "ఓటేసినందుకు ఎన్నడు బాధపడలే బిడ్డా. ఆ గోడ సూస్తేనే పానం కొట్టుకుంటది. నేను పోయినంక నువ్వే జెప్పు ఆయనకు."

నేనెందుకండీ, మీరే చెప్పండి అన్నాను. కన్నకొడుకుతో అనలేనిది కిరాయికున్నదానితో అనగలిగింది పాపం.

తర్వాత నా ఓటు ఇక్కడికి మార్పించుకున్నాను. మొన్నటి ఎన్నికలకు ఆమె చెయ్యి పట్టుకుని పోలింగు జరిగే బడిదాకా నడిపించింది నేనే. ఆ పొద్దున నాన్న ఫోన్ మోగితే ఎత్తలేదు. తిరిగొస్తూ, ఈసారి ఎవరికేశారండీ అని అడిగితే పెద్దమ్మ నవ్వింది. ఒక్కసారి చెప్పిన, సాలదా అంది.

ఇప్పుడు జెండా కప్పిన ఆమెను చూడ్డానికి గల్లీ అంతా వచ్చినా, మరిది లోపలికి రాలేదు. కడిగిన గిన్నె ఒకటి చేత్తో పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. నిన్న ఆమె పంపిన గిన్నె అది. దగ్గరికెళ్లి, చెప్పాల్సిందంతా గబగబా చెప్పేశాను.

"మా అన్న అనుమానం తప్పు గాదు బిడ్డా. నేను గూడ ఆ చివరింటామెకే ఏసిన," అన్నాడు. "వదినె ఏసిందని నాకు తెల్వదు. నా మీద జాలితోని కూర పంపుతుందనుకున్న."

ఇన్నేళ్లూ ఆ గోడకు అటూ ఇటూ ఒకటే ఓటు. నేను గేటు పూర్తిగా తెరిచి పక్కకు జరిగాను.

ఆయన మెల్లగా లోపలికెళ్లి, గిన్నె ఆమె తల దగ్గర పెట్టి కూర్చున్నాడు. జెండా అంచు కొంచెం పైకెత్తి ఆమె ఎడమ చెయ్యి బయటికి తీశాడు. గోరు పెరిగి, మొన్నటి ఓటు సిరా గుర్తు చివరిదాకా జరిగింది. ఆ వేలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.