తలాపు బల్లకు తెల్ల గలేబు

మంచం తలాపున మెత్త కుట్టించిన బల్ల పెట్టించుకోవచ్చా అని మొన్న మా మనవరాలు అడిగింది. జగదల్‌పూర్‌లో కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. ఏం కొనాలన్నా ముందు ఈ ముసలిదాన్ని అడగడం దానికొక సరదా. నేను వద్దన్నదే కొంటుంది, అది వేరే సంగతి. దుకాణం వాళ్లిచ్చిన రంగుల కాగితం నా ముందు పెట్టింది. మంచం వెనక నిలువెత్తు మెత్తటి బల్ల, బల్ల నిండా గుంటలు, గుంటల్లో గుండీలు. రంగేమో ముదురు ఎరుపు.

"పెట్టించుకో. కాని దానికి తెల్ల గలేబు వేయించు, వారం వారం ఊడదీసి ఉతుక్కునేట్టు" అన్నాను.

"తెలుపైతే మురికి కనబడుతుంది కదా నానమ్మా" అంది.

"కనబడాలనే చెప్తున్నానే తల్లీ."

దానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నోటితో చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. రాయడమైతే మధ్యలో ఆగి కాసేపు కళ్లు మూసుకోవచ్చు. అందుకని రాస్తున్నాను.

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజులు. మా ఆయన దోర్నపాల్‌లో సర్కారు బంగళాకు చౌకీదారు. జగదల్‌పూర్ నుంచి కుంట ఊరి వైపు తనిఖీకి దౌరా పోయే ఆఫీసర్లు అందులో దిగేవారు. ఎవరు దిగినా దిగకపోయినా రాత్రిపూట మా ఆయన పడక బంగళా వరండాలోనే. ఇటు మా ఇంట్లో నేను, మా అత్త. పిల్లలింకా పుట్టలేదు. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు.

అత్తకు దమ్ము రోగం. నడుం వాలిస్తే ఊపిరాడేది కాదు. వానాకాలమైతే మరీ ఘోరం. రాత్రంతా కూర్చునే నిద్రపోవాలి, వీపుకేమో ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. గోడకు ఆనుకుందామంటే మట్టి గోడ, చెమ్మ వీపుకెక్కి దగ్గు మొదలయ్యేది. వడ్ల బస్తా నిలబెడితే ఆ దుమ్ముకు ఆయాసం రెండింతలయ్యేది. ఉత్త చెక్క కట్టి చూశాం, వెన్నుపూస మీద పుండు పడింది. అన్నీ అయ్యాక చివరికి మిగిలింది నా వీపు.

నులక మంచం మీద ఆమె ఆ వైపు తిరిగి, నేను ఈ వైపు తిరిగి, వీపుకు వీపు ఆనించి కూర్చునేవాళ్లం. ఆమె నిద్రపోవాలంటే నేను మేలుకోవాలి. నేను కునికితే నా వీపు జారేది, ఆమె వెనక్కి ఒరిగి ఉలిక్కిపడి లేచేది. ఇక చూసుకోండి.

"ఏందే, కునుకుతున్నవా? నేను పడితే నీకు సంబరమా? గా వీపు చూడు, వీపా అది, కట్టెల మోపు! మీ అయ్య ఇంట్ల నీకు తిండి పెట్టలేదా?"

మా అత్త నోటికి జడిసి కాకులు కూడా మా ఇంటి మీద వాలేవి కావని ఊళ్లో అనేవారు. ఉప్పెక్కువైతే తిట్టు, తక్కువైతే తిట్టు, సరిపోతే ఇన్నాళ్లూ ఎందుకు సరిపోలేదని తిట్టు. ఆమెకు ఒంట్లో ఏ మూల నొప్పి పుట్టినా ముందు నాకు తెలిసేది, తర్వాత వాడకు తెలిసేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

తెల్లవారితే నాకు వేరే బతుకు. ఎండాకాలం ఇప్పపూలకు కోడి కూయకముందే అడవికి పోవాలి. వానాకాలం నాట్లు. ఆఫీసరు దిగితే బంగళా ఊడవాలి, నీళ్లు కాచాలి. దంపుడు, వంట, ఏటి నీళ్లు ఎలాగూ ఉన్నాయి. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. సుఖం సంగతి దేవుడెరుగు, నాకు కటిక నేల దొరికినా చాలు, వాలనిచ్చేవాళ్లే లేరు. రోకలి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండి నిద్రపోయిన రోజులున్నాయి. ఆ అలసట ఇప్పటికీ నా ఎముకల్లో ఉంది, అబద్ధం చెప్పడం లేదు.

ఒక పొద్దున పొయ్యి ముందు జావ కలుపుతూ కునికాను. కొంగు మంటలో పడింది. పక్కింట్లో ఉండే దొర్ల తెగ ఆమె నిప్పు అడగడానికి వచ్చింది కాబట్టి బతికాను. కుండెడు నీళ్లు నా మీద గుమ్మరించి, చీర లాగి, మంట తొక్కేసింది. చెయ్యి కొంచెం కాలింది, అంతే. అత్త మంచం మీద కూర్చుని అంతా చూసింది. ఆ రోజు ఒక్క తిట్టు తిట్టలేదు. జావ మాడిందని కూడా అనలేదు. నాకు తిట్టినదానికన్నా అదే ఎక్కువ భయమేసింది.

ఆ ఏడు వానలు పడేముందే బంగళాలో పెద్ద మంచం కోళ్లను చెదలు తిన్నాయి. వచ్చిన ఆఫీసరు దాన్ని అవతల పారేయమన్నాడు. మంచమంతా పోయినా తలాపు బల్ల బాగానే ఉంది. టేకు చట్రం, మీద ముదురు ఎరుపు మఖమల్, గుంటల్లో గుండీలు, చుట్టూ ఇత్తడి మేకులు. దౌరాకొచ్చిన దొరలు పొద్దున్నే దానికి జారగిలబడి చాయ తాగేవారట. మా ఆయన అడిగి తెచ్చుకున్నాడు. నులక మంచానికి తలాపున నిలబెట్టి తాళ్లతో బిగించి కట్టాడు.

"లోపలేమున్నది రా?" అంది అత్త, వేలితో పొడిచి చూస్తూ.

"గుర్రం వెంట్రుకలు అవ్వా."

"ఓరి నీ జిమ్మడ! గుర్రం తోకకు నెత్తి ఆనించుమంటవా?"

అంది కాని, ఆనించింది. ఒకసారి వీపు అటూ ఇటూ కదిపి చూసుకుంది. కళ్లు మూసుకుంది. కాసేపటికి గుర్రు వినబడింది. మా ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ రాత్రి మూలన చాప పరుచుకుని పడుకున్నదాన్ని, తెల్లారి అత్త చెంబు విసిరితే గాని లేవలేదు.

ఊరంతా వచ్చి చూసిపోయారు. రాణి మంచమని పేరు పెట్టారు. అది రాణులకే సరి, నాబోటివాళ్లకు చాకిరీ. అత్త తలకు ఇప్పనూనె పెడతాను కదా, వారం తిరగకముందే మఖమల్ మీద గుమ్మడికాయంత నూనె మరక పడింది. ఉతుకుదామంటే బట్ట ఊడిరాదు. ముసురు పడితే లోపలి వెంట్రుకలు చెమ్మ పీల్చి తడిసిన మేక వాసన కొట్టేవి. ఎండ కాసినప్పుడల్లా తాళ్లు విప్పి, వాకిట్లోకి మోసి, ఆరబెట్టి, మళ్లీ కట్టాలి. అది బల్లా, బండరాయా! మోసి మోసి నా భుజాలు పడిపోయేవి. అయినా చేశాను. నిద్రపోయిన ఒళ్లు ఎంత పనైనా చేస్తుంది.

"బల్ల ఎట్లున్నది అత్తా?" అని అడిగేదాన్ని.

"మంచిగున్నది. అది నీ లెక్క కునుకదు."

నల్లులేమైనా పట్టాయా అని కూడా ఒకసారి అడిగాను.

"నాకేం కనబడలే. పో, పని చూసుకోపో."

నులక మంచానికి నల్లి పడితే దిగులు లేదు. ఎత్తి నాలుగు దెబ్బలు నేలకేసి కొట్టి, మరిగే నీళ్లు కోళ్ల సందుల్లో పోసి, ఎండలో పడేస్తే సరి. అమాస అమాసకు మేమది చేస్తూనే ఉన్నాం. కాని మెత్తబల్ల మీద మరిగే నీళ్లు పోస్తే ఆ వానల్లో ఎప్పుడు ఆరాలి? అందుకని దాన్ని విప్పి పక్కన పెట్టి, మంచానికి మాత్రమే పోసేదాన్ని. పైకి చూస్తే బల్ల శుభ్రంగానే ఉండేది. ఆ ముదురు ఎరుపులో ఏమున్నా కనబడదు.

ఆ వానాకాలం అత్తకు కొత్త అలవాట్లు వచ్చాయి. పగలంతా మెడ దాకా గొంగడి కప్పుకుని కూర్చునేది. స్నానానికి నేను వీపు రుద్దబోతే, "నేనే పోసుకుంటా, నా చేతులేం పడిపోలే" అని తడిక వెనక్కి నన్ను రానిచ్చేది కాదు. చలేస్తోందనుకున్నాను. ముసలితనం పంతమనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒక పని తగ్గిందని హాయిగా ఉంది.

ముసురు విడిచి ఎండ కాసిన ఒకనాడు బల్లను మోయడానికి పక్కింటి దొర్ల ఆమెను సాయం పిలిచాను. వాకిట్లో గోడకు ఆనించాం. ఆమె మఖమల్ ఎంత మెత్తగా ఉందోనని చేత్తో నిమిరి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అక్కా, ఇది నల్లి వాసన గదా!"

ఒక గుండీ పట్టుకుని పక్కకు తిప్పింది. గుంటలోంచి నల్లులు బిలబిలమని బయటికొచ్చాయి. ఇంకో గుండీ తిప్పింది. అందులోనూ అంతే. ప్రతి గుంటా ఒక పుట్ట. బాగా తాగి బలిసిన నల్లులు, ఎండ తగిలి ఎటు పోవాలో తెలియక మఖమల్ మీద పాకుతున్నాయి.

నేను తడిక వైపు పరుగెత్తాను. అత్త ఇటు వీపు పెట్టి నీళ్లు పోసుకుంటోంది. ఆ వీపు గురించి ఎక్కువ రాయలేను. మెడ నుంచి నడుము దాకా దద్దుర్లు, గోకిన చోట పుండ్లు, పుండ్ల మీద పక్కులు. చేయి పెట్టే చోటు లేదు.

"ఎందుకు చెప్పలే అత్తా! ఉప్పు ఎక్కువైతే ఊరంతా చెప్తవు, గిది ఎందుకు చెప్పలే!" అని అరిచాను. ఆమె మీద నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆమె గబగబా చెంగు లాక్కుని వీపు కప్పుకుంది. దొంగతనం బయటపడ్డ మనిషిలా తల వంచుకుంది.

"చెప్తే ఏమైతది? బల్ల తీసేస్తవ్. మళ్ల నువ్వే వచ్చి కూసుంటవ్. కూసుంటే పొద్దుగాల పొయ్యిల పడతవ్. నీ కొంగు అంటుకున్ననాడు నేను చూడలేదా? లేద్దామంటే దమ్మాడక మంచం మీదనే కూలబడ్డ." ఆయాసంతో ఆగింది. "నల్లి తింటే ఎంత తింటది లే, ముసలి నెత్తురు. నువ్వు మంచిగ పంటున్నవ్ గదా అని ఊకున్న."

ఆమె పక్కన బురదలో కూలబడి ఏడ్చాను. "నీళ్లు చల్లారుతున్నయే, ఏడ్చేది తర్వాత ఏడువు" అని కసిరింది. వేపాకు నూరి వీపంతా రాశాను. మంటకు మూలిగింది కాని తిట్టలేదు.

దొర్ల ఆమె మాట విని బల్లను ఎర్రచీమల గూడున్న చెట్టుకు ఆనించి చూశాం. చీమలు నల్లుల్ని తిన్నమాట నిజమే. తిన్నాక వెళ్లకుండా అందులోనే కాపురం పెట్టాయి. చివరికి మా ఆయన మేకులు పీకి, మఖమల్ చీల్చి తగలబెట్టాడు. గుర్రం వెంట్రుకలు పక్కింటాయన పిట్టల ఉచ్చులకు పట్టుకుపోయాడు. టేకు చెక్క కోళ్లగూటికి తలుపైంది.

ఆ సాయంత్రం దీపం పెట్టి నేను మంచమెక్కాను.

"పో, పండుకో పో" అంది అత్త.

"నాకు నిద్దర వస్తలేదు అత్తా. రోజూ పన్నదాన్నే గదా."

అబద్ధమని ఆమెకు తెలుసు. గొణుక్కుంటూ అటు తిరిగింది. పుండ్లు ఒరుసుకోకుండా మధ్యలో పాత చీర మడతపెట్టి, వీపుకు వీపు ఆనించాను. ఆమె బరువు నా మీద పడింది. ఇన్నాళ్లకు ఆ బరువు నాకు హాయిగా అనిపించింది.

"ఎముకలు గుచ్చుతున్నయే. గా బల్లే నయం" అంది. ఇంకాస్త నా మీదికి వాలి, "రేపటి నుంచి నాకు తీసే గంజి నువ్వు తాగు" అంది.

ఎంత వద్దనుకున్నా, ఏ జాములోనో నాకు కన్ను మూతపడింది. మెలకువ వచ్చేసరికి వాకిట్లో వెలుగు పడుతోంది. నా తల ఎవరి భుజం మీదో ఉంది. నా ఒళ్లంతా వెనక్కి వాలి ఉంది. అత్త ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊనుకుని, పిల్లికూతలు కూస్తున్న ఊపిరితో కదలకుండా కూర్చుంది. నా బరువంతా ఆ పుండ్ల వీపు మీదే ఉంది.

నేను చటుక్కున లేవబోయాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇంకా పూర్తిగ తెల్లారలే" అంది. "కాసేపు పండుకో."