అగ్నిగుండంలో ఒక ముఖం

చండ్రుగొండ నుంచి ఏన్కూరు వైపు వెళ్లే దారిలో, జామాయిల్ తోటల మధ్య కల్వర్టు గోడల మీద, రోడ్డు పక్క బండల మీద కనిపించే ఎర్రటి రాతల్లో సగానికి పైగా బెంజమిన్ రాసినవే. ప్రభువు వస్తున్నాడనీ, తీర్పు దినం దగ్గర పడిందనీ, మారుమనసు పొందమనీ చెప్పే రాతలు. బస్సులో పోయేవాడు ఒక్క చూపులో చదువుకోవాలంటే అక్షరం ఎంత ఎత్తుండాలో, నాలుగు వానలకు వెలిసిపోకుండా రంగు ఎంత చిక్కగా ఉండాలో ఒకరు చెప్పక్కర్లేకుండా అతని చేతికే తెలుసు. యాభై నాలుగేళ్ల సన్నటి మనిషి. ఎవరింటికి వెళ్లినా కుర్చీ అంచున కూర్చునేవాడు, అప్పుడే లేచి ఎక్కడికో వెళ్లాల్సిన పని ఉన్నట్టు.

ఫ్లెక్సీలు రాకముందు అతను కొట్లకు బోర్డులు, ఎన్నికలప్పుడు గోడలు రాసేవాడు. ఆ రోజుల్లో అతని వెంట పూల్‌సింగ్ ఉండేవాడు. పక్క తండా మనిషి, అతని ఈడువాడే. నిచ్చెన మోయడం, గోడకు సున్నం వెయ్యడం, దారానికి నీలం పొడి పూసి ఇద్దరూ చెరో కొసా లాగి గీత కొట్టడం, ఇవన్నీ పూల్‌సింగ్ పనులు. అక్షరాలు మాత్రం బెంజమిన్‌వి. పూల్‌సింగ్‌కు చదువు రాదు. అయినా ఒకసారి సత్తుపల్లిలో బెంజమిన్ నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, ఆ రెండు నెలలూ పూల్‌సింగే గోడలు రాశాడు. మంచం మీద బెంజమిన్ కాగితం మీద గీసిచ్చిన అక్షరాలను బొమ్మల్లా చూసి గోడ మీదికి దించేవాడు. ఒక కిరాణా కొట్టు పేరులో ఒక అక్షరం తలకిందులుగా వచ్చింది. కొట్టు యజమాని నవ్వి దాన్ని అలాగే ఉంచేశాడు. ఆ బోర్డు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా పూల్‌సింగ్ బండి ఆపి, ఎడమవైపు పెదవి కాస్త పైకి లేచేలా నవ్వేవాడు.

ఫ్లెక్సీలొచ్చాక పూల్‌సింగ్ తన మిర్చి చేనుకు వెళ్లిపోయాడు. బెంజమిన్‌కు చర్చిల పని దొరికింది. స్నేహం మాత్రం సడలలేదు. ఆదివారం ఆరాధన ముగియగానే బెంజమిన్ తండాకు వెళ్లేవాడు. పూల్‌సింగ్ భార్య హేమ్లి జొన్నరొట్టెలు పెట్టేది. ఇద్దరూ గంటల తరబడి అదీ ఇదీ మాట్లాడుకునేవారు. దేవుడి మాట మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు.

మూడేళ్ల కింద ఏప్రిల్‌లో, కల్లంలో మిర్చి ఆరబోసి ఉండగా, మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. పరదాలు కప్పడానికి పూల్‌సింగ్ పరుగెత్తాడు. రెండో పరదా కొస పట్టుకుని ఉండగానే పిడుగు పడింది. హేమ్లి ఇంకో కొస పట్టుకోవడానికి ఇంట్లోంచి బయల్దేరింది, ఇంకా దారిలోనే ఉంది.

అతన్ని మట్టిలో పెట్టి వచ్చిన వారం చర్చి బయట చెప్పులు వేసుకుంటూ ఒకాయన అన్నాడు, పిడుగు ఊరికే పడదనీ, పక్కనే ఇన్నేళ్లు వాక్యం వినబడుతున్నా వినని మనిషనీ. బెంజమిన్ తన చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. కానీ ఆ మాట అతని లోపల దిగబడింది. తను వందల బండల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లను హెచ్చరించాడు. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని తిన్నవాడికి ఒక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాతి ఏడాది వాళ్ల చర్చికి బొజ్జయ్య పాస్టరుగా వచ్చాడు. భద్రాచలం అవతల ఒక కోయ గూడెంలో పుట్టినవాడు. నలభై దాటలేదు. గోదావరి పొంగి ఆ గూడెం ఇళ్ల కప్పుల దాకా మునిగిన ఏడాది నుంచీ ఆయన అంత్యదినాల గురించే ఎక్కువగా బోధించేవాడు. గొంతు పెద్దది కాదు. మెల్లగా, దగ్గరగా వచ్చి చెప్పేవాడు. అదే జనానికి ఎక్కువ భయం పుట్టించేది. ఒక ఆదివారం ఆయన కావలివాడి గురించి చెప్పాడు. కత్తి రావడం చూసి కూడా కేక వెయ్యని కావలివాడి చేతిలోనే చచ్చినవాళ్ల రక్తం ఉంటుందన్నాడు. బెంజమిన్ ఆ ప్రసంగం మధ్యలోనే లేచి బయటికి వెళ్లి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు.

జనవరిలో మూడు రోజుల పగటి కూడికలు పెట్టాలని బొజ్జయ్య నిర్ణయించి, బెంజమిన్‌ను ఒక పెద్ద పటం వెయ్యమన్నాడు. పన్నెండడుగుల గుడ్డ మీద బైబిల్ చివరి పుస్తకంలోని ఏడు ముద్రలు, ఏడు బూరలు, దేవుడి కోపాన్ని లోకం మీద కుమ్మరించే ఏడు ఉగ్రత పాత్రలు, తెల్లని సింహాసనం, చివర కుడివైపు అగ్నిగుండం. గుండంలో మనుషులుండాలన్నాడు.

"ముఖాలు కనపడాలె అన్నా. ముఖం లేకుంటే అది ఎవరిదో అనుకుని పోతరు."

చర్చి వెనక రేకుల షెడ్డులో గుడ్డను గోడకు బిగించి బెంజమిన్ పదకొండు రోజులు పని చేశాడు. నెత్తురైన సముద్రం, మనుషుల్ని కాల్చే ఎండ, రాజు గద్దె మీద కమ్ముకున్న చీకటి. ఒక్కో పాత్రా కుమ్మరిస్తే జరిగేవన్నీ ఒకదాని పక్కన ఒకటి వేశాడు. భార్య హెప్సిబా అన్నం తెస్తే నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడగకుండానే మళ్లీ కుంచె పట్టుకునేవాడు. జల్దీ ఏముంది, కూర్చుని తినమని ఆమె పోరేది. మంటలకు మూడు రోజులు పట్టింది. మంటల్లో మనుషులకు మాత్రం ఒక్క మధ్యాహ్నమే. తొమ్మిది ముఖాలు, ఆగకుండా, వెనక్కి జరిగి చూసుకోకుండా వేసేశాడు. వేసి పటాన్ని చుట్టి పాస్టరు చేతికిచ్చాడు.

రెండో రోజు కూడికకు హేమ్లి వచ్చింది. హెప్సిబానే పిలిచింది, ఒంటరిగా ఉంటోంది, నలుగురిలో కూర్చుంటే బాగుంటుందని. ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుంది. బొజ్జయ్య వెదురు కర్రతో ఒక్కొక్క పాత్రా చూపిస్తూ వచ్చి గుండం దగ్గర ఆగాడు. అప్పుడు హేమ్లి లేచింది. వరసల మధ్య నుంచి నడిచి పటం దగ్గరికి వెళ్లి, కింది మూల ఒక ముఖం మీద వేలు పెట్టింది. కొంచెంసేపు అలాగే నిలబడింది. తర్వాత మగవాళ్ల వైపు తిరిగి, వెతికి, బెంజమిన్‌ను చూసింది. అక్కణ్నుంచే బయటికి వెళ్లిపోయింది.

బెంజమిన్ అప్పుడు చూశాడు, వేసినప్పటి నుంచి మొదటిసారి. పూల్‌సింగ్ కనుబొమ మీది పాత గాటు. పైకి లేచిన ఎడమ పెదవి. అతను నవ్వుతున్న ముఖాన్నే వేశాడు. మంటల్లో అది ఎవరినో కేకేస్తున్న ముఖంలా ఉంది.

కూడిక ముగియకముందే అతను తండాకు వెళ్లాడు. హేమ్లి వాకిట్లో కూర్చుని మిర్చి తొడిమెలు తీస్తోంది. అతనికి కుర్చీ చూపించింది. అతను నిలబడే ఉన్నాడు.

"మా ఆయన్ని అండ్ల ఎందుకు పెట్టినవ్ అన్నా?"

"కావాలని పెట్టలే చెల్లె. చెయ్యి గీసింది."

"చెయ్యి ఎవరిది?"

ఆమె తొడిమెలు తీయడం ఆపలేదు. గొంతు కూడా పెంచలేదు. ఇన్ని ఆదివారాలు తమ ఇంట్లో తిన్నావు గదా, ఇట్లా ఒక గుండం ఉంది, అందులో పడతావని ఒక్కనాడైనా ఆయనకు చెప్పావా అని అడిగింది. చెప్పలేదన్నాడు. ఎందుకు చెప్పలేదంది.

"చెప్తే నన్ను రానియ్యడేమోనని."

"రానిచ్చెటోడే," అంది హేమ్లి. "వినెటోడు, నవ్వెటోడు, కూసోబెట్టి అన్నం పెట్టెటోడు. గంతే గద ఆయన." తర్వాత గంపను పక్కకు జరిపి అతని వైపు సూటిగా చూసింది. "పెట్టినోనివి నువ్వే. నువ్వే బయటికి తియ్యి."

మర్నాడు పొద్దున్నే బెంజమిన్ పాస్టరు ఇంటికి వెళ్లాడు. బొజ్జయ్య అరుగు మీద కూర్చుని ఆనాటి ప్రసంగానికి కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. బెంజమిన్ చెప్పిందంతా విని, ఆ ఒక్క ముఖం చెరిపెయ్యి, కూడిక పదింటికి గదా అన్నాడు. బెంజమిన్ కదల్లేదు.

"చెరిపితే బయటికొచ్చినట్టేనా అయ్యగారూ?"

బొజ్జయ్య కాగితం మడిచాడు. తన తండ్రి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. గూడెంలో వేల్పులకు పూజ చేసేవాడట. కొడుకు బాప్తిస్మం తీసుకుని వస్తే తిట్టలేదు, కొట్టలేదు. పండగకు వేల్పుల ముందు కోసిన కోడి కూర కొడుకు తినడేమోనని విడిగా గుడ్డు వండించాడట. వరదకు ముందటి ఏడాది జ్వరంతో పోయాడు.

"నేను కట్టె గుండం మీద పెట్టినప్పుడు పటం దిక్కు చూడనన్నా. జనం దిక్కే చూస్త," అన్నాడు బొజ్జయ్య. "తీర్పు ఉన్నది. అది నేను నమ్ముత. ఎవరి మీద పడ్తదన్నది నా చేతుల లేదు. నీ చేతుల గూడ లేదు."

"మరి ముఖాలు పెట్టమంటిరి."

"అవ్. నేనే అన్న."

ఆయన మళ్లీ కాగితం విప్పుకున్నాడు. బెంజమిన్ షెడ్డుకు వెళ్లి ఎర్ర రంగు డబ్బా తెరిచాడు. పూల్‌సింగ్ ముఖం మీద మొదటి పూత వెయ్యడానికి చెయ్యి రాలేదు. కళ్లు మూసుకుని వేశాడు. తెరిచేసరికి గాటు పోయింది, పెదవి పోయింది, మంట మిగిలింది. పక్క ముఖం చూశాడు. చిన్నప్పుడు తనకు పలక మీద దిద్దబెట్టిన పంతులుగారు. దాని పైన, ప్రతి గురువారం సంతలో తనకు చాయ్ పోసి, తాగేదాకా కబుర్లు చెప్పే మనిషి. ఆ పైన తన అమ్మమ్మ, తమ ఇంట్లో ఎవరూ చర్చి గడప తొక్కకముందే పోయిన మనిషి. ఒక్కటీ ఊహలోంచి వచ్చిన ముఖం కాదు. తొమ్మిదింటినీ కప్పేశాడు. పదింటికి పటం కట్టేటప్పటికి రంగు ఇంకా తడిగానే ఉంది.

ఆ రోజు బొజ్జయ్య అదే వరసలో అన్నీ చెప్పుకుంటూ వచ్చాడు. గుండం దగ్గరికి వచ్చేసరికి మాట తడబడి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాడు. కూడిక అయ్యాక సంఘపెద్ద ఒకాయన బెంజమిన్‌ను పక్కకు పిలిచి, ఖాళీ మంటను చూసి ఎవడు భయపడతాడు, బంగారంలాంటి పని పాడు చేశావని కోప్పడ్డాడు. బెంజమిన్ సరేనన్నట్టు తలాడించాడు. ఆ పటాన్ని ఇప్పటికీ ఊరూరా తీసుకెళ్తున్నారు. మళ్లీ ముఖాలు వెయ్యమని రెండుసార్లు అడిగారు. చేతకాదని చెప్పాడు.

తర్వాతి ఆదివారం హేమ్లి దగ్గరికి వెళ్లి, తీసేశానని చెప్పాడు. ఆమె ముఖంలో తేటదనం వస్తుందని అతను దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

"తీసి ఏడ పెట్టినవ్?" అంది హేమ్లి.

వాకిట్లోకీ గడప దగ్గరికీ రెండుసార్లు తిరిగాడు. చివరికి తెలియదన్నాడు. నమ్మినవాడికి తెలియాలి గదా అని ఆమె అడిగింది. వెక్కిరింతగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. అప్పుడతను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. పూల్‌సింగ్‌కు ఎన్నడూ చెప్పని మాటలు ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. లోకంలో జరిగే అన్యాయానికి అడిగేవాడు ఒకడున్నాడని తను నమ్ముతున్నాననీ, ఆ రోజు వస్తుందనీ, దాన్ని తలుచుకుంటే తనకు భయమనీ చెప్పాడు. ఆ రోజు తీర్పు సింహాసనం మీద కూర్చునేవాడి చేతుల్లో మేకుల గాయాలున్నాయనీ, ఆ ఒక్క సంగతే తన భయానికి ఆసరా అనీ చెప్పాడు. మాటలు తడబడ్డాయి. బండ మీద రాసినంత తీరుగా రాలేదు. హేమ్లి గంపలో చెయ్యి ఆపి మొత్తం విన్నది.

"నీ దేవుడు మా ఆయన్ని ఎరుగునా?" అని అడిగింది.

"ఎరుగును."

"అయితే నువ్వెందుకు గింత తిరుగుతవ్? గట్లనే కూసో. రొట్టె తిను."

ఆమె తమ తండా గురువు సేవాలాల్‌కు దండం పెట్టుకోవడం మానలేదు, చర్చికి రానూ లేదు. అతను మళ్లీ రమ్మని అడగలేదు, ఆదివారాలు వెళ్లడం మాత్రం మానలేదు. అంతటితో మనసు కుదుటపడిందని అతను ఎవరితోనూ అనలేదు. పడమట మబ్బు పడితే ఇప్పటికీ పని ఆపి, డబ్బాల మూతలు పెట్టి, ఎవరి కల్లంలో ఎవరున్నారో అని అటే చూస్తూ నిలబడతాడు. హెప్సిబా రెండుసార్లు పిలిస్తే గానీ వినిపించుకోడు.

మొన్న, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైన ఆదివారం ప్రార్థన విన్నపాలు చెప్పమన్నప్పుడు, జ్వరాలూ పరీక్షలూ బోరు బావులూ అయ్యాక, బెంజమిన్ లేచి పూల్‌సింగ్ కోసం అన్నాడు. పోయినవాళ్ల కోసం తమలో ప్రార్థన లేదని సంఘపెద్ద గుర్తు చేశాడు. ఎవరి కోసం అడగాలో, ఏం అడగాలో తనకూ తెలియదనీ, పేరు చెప్పడానికే లేచాననీ బెంజమిన్ అన్నాడు. బొజ్జయ్య కాసేపు పుస్తకం అంచు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కళ్లు మూసుకుని, ఆ పేరును ఉన్నదున్నట్టు పలికి, దానికి ఇంకేమీ కలపకుండా తర్వాతి విన్నపానికి వెళ్లాడు.

బెంజమిన్ ఆరాధన చివరి దీవెన దాకా ఆగలేదు. జూలూరుపాడు దగ్గర ఒక గోడ సగంలో ఉంది, మధ్యాహ్నం ఎండలో రంగు త్వరగా ఆరుతుందనీ, తండాకు సాయంత్రం వెళ్తాననీ హెప్సిబాతో చెప్పి, బండి తీసుకుని వెళ్లిపోయాడు.