నేను ఖాళీ అని చెప్పిన రీలు

చీకటి గదిలో పనిచేసి బతికినవాణ్ణి నేను. పద్దెనిమిదేళ్ల వయసులో నెల్లూరులో ఒక ఫోటో స్టూడియోలో చేరి కెమెరా రీళ్లు కడగడం నేర్చుకున్నాను. చీకట్లో గంటల తరబడి ఒంటరిగా ఉన్నా నాకెప్పుడూ ఏమీ కనబడలేదు, వినబడలేదు. మా అమ్మ జిన్నుల సంగతులు చెబితే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం సిగ్గు.

తర్వాత దుబాయ్ వచ్చాను. అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య మా ల్యాబు. ఫోన్లొచ్చి రీళ్లు పోయాయని అందరూ అనుకుంటారు గానీ, కరోనా తర్వాత కుర్రకారు మళ్లీ పాత కెమెరాలు పట్టుకున్నారు. వాళ్ల రీళ్లు మెషీన్‌లో వేస్తాం. ముప్పై ఏళ్లనాటి రీళ్లు ఏవైనా వస్తే మాత్రం చేత్తో కడగాలి. ఆ పని నా ఒక్కడిదే. పాత రీళ్లంటే ఖాదర్‌కే ఇవ్వండి అని మా ముదీర్, అంటే మేనేజరు, అందరికీ చెప్పేవాడు. ఆ మాట నాకు కాస్త తలకెక్కి ఉండేది.

మూడేళ్ల కిందట, చలికాలం మొదట్లో ఒక ఆదివారం రత్నకుమారి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. కోనసీమ వాళ్లు. షార్జాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. తెలుగువాణ్ణి ఒకణ్ణి వెతుక్కుంటూ రెండు బస్సులు మారి వచ్చింది. చేతిరుమాలు విప్పి ఒక రీలు బల్ల మీద పెట్టింది.

"ఇందులో మా అమ్మ ఉందండి," అంది.

వాళ్లమ్మ కూడా ఇక్కడే, కల్బాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేదట. రత్నకుమారికి నాలుగేళ్లప్పుడు వచ్చింది. రెండేళ్లకు జ్వరమొచ్చి అక్కడే పోయింది. పెట్టె ఊరికి చేరేసరికి చాలా రోజులైందని పిల్లకి ముఖం చూపించలేదు. పెంచింది పిన్ని. ఇంట్లో వాళ్లమ్మ ఫోటో ఒక్కటీ లేదు. పాస్‌పోర్టు జిరాక్సు కాగితం ఒకటుంది, అందులో ముఖం ఉండాల్సిన చోట నల్లటి మరక.

తను ఇక్కడికి వచ్చాక ఆ కల్బా ఇల్లు వెతికి పట్టుకుంది. అప్పటి మేడమ్ ముసలిదైపోయింది గానీ గుర్తుపట్టిందట. బీరువాలోంచి ఈ రీలు తీసి ఇచ్చి, మా అమ్మాయి మీ అమ్మని మేడ మీద ఫోటోలు తీసింది, ఆమె పోయాక కడిగించడానికి మాకు మనసు రాలేదు అని చెప్పిందట.

"మా అమ్మ ఎలా ఉంటుందో నాకు తెలీదండి. కాస్త జాగ్రత్తగా చూడండి, అన్నయ్యగారూ," అంది రత్నకుమారి.

వచ్చే ఆదివారం రమ్మన్నాను. నా చేతిలో పడ్డాక నీకేం భయం లేదమ్మా అని కూడా అన్నాను.

ఆ పని ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెప్పాలి. వెలుతురు పడని డబ్బాలో రీలు పెట్టి రెండు మందులు పోస్తాం. మొదటిది డెవలపర్, అది బొమ్మని బయటికి తెస్తుంది. రెండోది ఫిక్సర్, బొమ్మ పోగా రీలు మీద మిగిలిన పూతని కడిగేస్తుంది. ముందు ఫిక్సర్ పోస్తే బొమ్మ బయటపడకముందే పూతంతా పోతుంది. ఇక దాన్ని ఎవరూ తేలేరు.

బుధవారం మధ్యాహ్నం కూర్చున్నాను. రీలు డబ్బాలో సరిగ్గానే ఎక్కించాను. మూత పెట్టి లైటు వేసుకున్నాక, ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ పెట్టి గోడకి ఆనించాను. రెండు సీసాలూ ఒకేలాంటివి. ఒకదాని మీద చీటీ ఊడిపోయి వారమైంది, అతికించడం నా పనే. చూపు మ్యాచ్ మీద ఉంది. చేతికందిన సీసా తీసి పోశాను.

వాసనతో అది ఫిక్సరని తెలిసింది. కానీ పోసింది పోసిందే.

ఖలాస్ అని తెలిసినా డెవలపర్ కూడా పోశాను. కడిగి, ఆరేసి చూశాను. లేత టీ నీళ్ల రంగులో రీలంతా ఖాళీ. రీలు అంచున కంపెనీవాళ్లు ముందే వేసిన అంకెలుంటాయి. కెమెరాలో ఒక్క ఫోటో తీయకపోయినా కడిగాక అవి కనబడతాయి. అవి కూడా లేవంటే తప్పు కడిగినవాడిది. అవి లేవు.

ముక్కకి ఆరు ఫోటోల గడులొచ్చేలా రీలుని ఆరు ముక్కలుగా కత్తిరించాను. లైటు బల్ల మీద పరిచి, మా ల్యాబు పద్ధతి ప్రకారం ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. భూతద్దంతో ప్రతి గడీ చూశాను. నా కళ్లు బాగానే పనిచేస్తాయి. ఏమీ లేదు.

ఆదివారం ఆమె పొద్దున్నే వచ్చింది. తలకి నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది.

రీల్లో ఏమీ లేదని చెప్పాను. కెమెరాలో రీలు సరిగ్గా చుట్టుకోకపోతే ఇలాగే అవుతుంది, వాళ్లు తీశామనుకున్నారు గానీ ఒక్కటీ పడలేదు అన్నాను. తప్పు ఆ కల్బా అమ్మాయి మీదికి తోశాను.

ఆమె కాసేపు రీలు ముక్కలవంకే చూసింది. "మీరు కడగడంలో ఏమీ అవ్వలేదు కదండీ? ఊరికే అడుగుతున్నానండి, పిన్నికి చెప్పాలి కదా," అంది.

నేను గొంతు పెంచాను. "ఇరవై ఏళ్లకి పైగా ఇదే పని చేస్తున్నానమ్మా. అల్లా సాక్షిగా చెబుతున్నా, అందులో ఏమీ లేదు."

ఆమె నాకు క్షమాపణ చెప్పింది. తప్పుగా అనుకోకండి అన్నయ్యగారూ అంది. డబ్బు వద్దన్నాను. పెద్ద ధర్మం చేసినట్టు అన్నాను. ఖాళీ ముక్కలైనా సరే ఇమ్మంటే, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన మా నంబరు రాసి ఇచ్చాను. బస్‌స్టాపు దాకా ఆమె నడిచి వెళ్లడం కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత చాలా రోజులు మ్యాచ్ చూడబుద్ధి కాలేదు. అంతకుమించి నేనేమీ చేయలేదు.

నాలుగు నెలలైంది. మళ్లీ ఒక ఆదివారం, పదకొండు గంటలప్పుడు, రత్నకుమారి వచ్చింది. బైబిల్లోంచి అదే కవరు తీసింది.

"మీరు సరిగ్గా చూసినట్టు లేరండి. ఒకటి ఉంది," అంది.

నాలుగో ముక్క, రెండో గడి.

లైటు బల్ల మీద పెట్టాను. పల్చగా ఉంది గానీ బొమ్మే. మరక కాదు, బూజు కాదు. మేడ మీద దండేనికి ఆరేసిన బట్టలు, వాటి ముందు ఒక ఆడమనిషి, ఎండకి నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అంచున అంకెలు ఈసారీ లేవు. మిగిలిన గడులన్నీ ఖాళీయే. కవరు మీద నా చేతిరాత. ఆ నాలుగో ముక్క చివర కత్తెర వంకరగా పోయి ఉంది, ఆరోజు తొందరలో నేనే అలా కోశాను. వేరే రీలు ముక్క తెచ్చి పెట్టే వీల్లేదు. ఫోన్‌లో అప్పటి ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. ఆ గడి ఖాళీ. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది.

స్కాన్ చేసి తెర మీద పెట్టాను. ఆమె తెర దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది. తర్వాత తన ముందు పళ్ల మధ్య సందుని వేలితో తడుముకుంది. తెర మీద ఆమెకీ అదే సందు ఉంది.

"ఇది ఎవరి పోలికో మా ఇంట్లో ఎవరికీ తెలీదండి," అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆలోపే ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "మీ చేతి చలవ అన్నయ్యగారూ," అంది. చెప్పలేకపోయాను. పాత రీళ్లలో బొమ్మ ఒక్కోసారి ఆలస్యంగా తేలుతుందమ్మా అన్నాను. అలా తేలదు. అది రెండో అబద్ధం.

పని నేర్పిన మా ఉస్తాద్ ఇంకా నెల్లూరులోనే ఉన్నాడు. ఆ రాత్రే ఫోన్ చేసి అంతా చెప్పాను. నువ్వు ముందు డెవలపరే పోసుంటావు, మర్చిపోయావు అన్నాడు. మరి అంచున అంకెలేవి అని అడిగాను. "ఫిక్సర్ పడ్డాక ఏదీ ఉండదు రా," అన్నాడు. "ఆ పిల్లకి నిజం చెప్పావా?" అని అడిగాడు. లేదన్నాను. ఇక ఆయన బొమ్మ సంగతి ఎత్తలేదు.

ఎంత ఆలోచించినా దానికి లెక్క అందలేదు. తెలిసిన మందులన్నీ, జరగగల పొరపాట్లన్నీ వరసగా పెట్టుకుని చూశాను. ఒక్కటీ సరిపోలేదు.

బొమ్మ చూసుకున్న ఆ ఆదివారం, వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి రత్నకుమారి నా పూర్తి పేరు అడిగింది. పిన్ని రోజూ ప్రార్థనలో చెప్పుకుంటుందట. నేను చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి సరిచూసుకుంది.

మొన్న మెసేజ్ పెట్టింది. పిన్ని ఇప్పటికీ పొద్దున్నే మీ పేరు తలుచుకుంటోందండి అని. చదివాను. ఫోన్ పక్కన పెట్టేశాను.