పదమూడు అడిగితే పదిహేను ఇచ్చాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, ఎందుకంటే దాని బరువంతా నిజంగా మోసింది వేరే మనిషి. నేను వేళకు తిన్నాను, పడుకున్నాను, కొట్టు తెరిచాను, మూశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందు ఈ మాట ఎత్తబోయి ఎన్నిసార్లు నాలుక మడతపడిందో చెప్పలేను. నా పేరు రాయను. బద్వేలు వైపు వాళ్లెవరైనా ఇది చదివితే పేరు లేకుండానే పోల్చుకుంటారు. పోల్చుకోనీ.

నాది మోటారు సైకిళ్ల విడిభాగాలు అమ్మే కొట్టు. బండ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి, అది తెలియకపోతే నేను చేసింది అర్థం కాదు. గొలుసు తిరిగే పళ్ళ చక్రాలు బండికి రెండుంటాయి, వాటినే స్ప్రాకెట్లంటాం. ఇంజను దగ్గర చిన్నది, వెనక టైరు దగ్గర పెద్దది. ముందున్న చిన్నదానికి పళ్ళు తగ్గిస్తే పరుగు తగ్గి లాగుడు పెరుగుతుంది. ఎంత ఎత్తయినా బండి గుంజుకుని ఎక్కుతుంది. పళ్ళు పెంచితే తారు రోడ్డు మీద హాయిగా పోతుంది గానీ, నిటారుగా ఎక్కాల్సి వస్తే ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. ముందు ఒక్క పన్ను తేడా అంటే వెనక మూడు పళ్ళ తేడాతో సమానం. అందుకే రోడ్డు మీదా రాళ్లలోనూ తిరిగే బండి కొన్న ప్రతివాడూ ఎన్ని పళ్ళది వెయ్యాలో తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చేవాడు. నా మాట మీద వాళ్లకు అంత గురి.

ఓబులేశు బావ కూడా అలాగే వచ్చేవాడు. మా మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. పొలాలు ఉన్నాయి, ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి గని ఉంది. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద చెయ్యి. ఆ చెయ్యి కొట్టేదే కాదు, పెట్టేది కూడా. నా భార్య కాన్పు కష్టమై రక్తం కావాలంటే అర్ధగంటలో వచ్చి పడుకుని ఇచ్చింది ఆయనే. ఇది రాయకపోతే ఆయన్ను చెడ్డవాణ్ణి చేసి నేను తప్పించుకున్నట్టవుతుంది.

ఆరేళ్ల కిందటి వేసవిలో ఆయన మా అక్కను వెనక కూర్చోబెట్టుకుని అహోబిలం పోతుంటే దారిలో గొలుసు తెగింది. వదులైన గొలుసును నెలల తరబడి బిగించుకోకపోతే తెగక ఏం చేస్తుంది? మరునాడు పొద్దున్నే కొట్టుకొచ్చి నకిలీ సరుకు అంటగట్టావన్నాడు. కాదు బావా అన్నాను. చెంప మీద కొట్టాడు. మళ్లీ కాదన్నాను. రెండో దెబ్బకు పోయి గొలుసుల పెట్టెల మీద పడ్డాను. కొట్టులో నలుగురు గిరాకీలున్నారు. వెనక గదిలోంచి నా భార్య వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఎవరూ నవ్వలేదు. ఎవడైనా నవ్వి ఉంటే వాణ్ణి పట్టుకుని కొట్టి అక్కడికి చల్లారేవాణ్ణేమో. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. కానీ ఆరోజు కోపం ముక్కు మీదికి రాలేదు. కడుపులోకి దిగింది. అక్కడే ఉండిపోయింది.

మూడు వారాలకు మళ్లీ వచ్చాడు, ఏమీ జరగనట్టే. ఏం బామ్మర్దీ అంటూ భుజం మీద చరిచాడు. గనిలోంచి తీసి పారేసిన రాతి బిళ్లలు పోగుపడి అక్కడొక గుట్ట లేచింది. ఆదివారం పూట దాని మీదికి బండ్లెక్కించడం మావాళ్లకు సరదా. బావ రెండుసార్లు ప్రయత్నించి పైదాకా పోలేక, అడుగడుగునా కాళ్లు ఆనించుకుంటూ దిగొచ్చాడు. బండికి ముందు పద్నాలుగు పళ్ళది ఉంది. పదమూడు ఇవ్వమన్నాడు. ఈసారి పైకెక్కి జెండా పాతుతానని, నన్ను కూడా వచ్చి చూడమన్నాడు.

పదమూడు సరైన సంఖ్యే. నేనైనా అదే చెప్పేవాణ్ణి. అరలో పదమూడు, పద్నాలుగు, పదిహేను వరసగా ఉన్నాయి. నా చెయ్యి పదిహేను మీదికి పోయింది. పొరపాటున పోయిందని ఎన్ని రాత్రులు నాకు నేను నచ్చజెప్పుకోబోయానో! చక్రం మీద అంకె చెక్కి ఉంటుంది. చూశాను. చూసి, నూనె కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాను. ఆయన విప్పి చూడలేదు. పెళ్లాం తమ్ముడు చేతికిచ్చింది విప్పి చూసేవాడు మా వైపు ఎవడూ ఉండడు.

అక్కడితో ఆగిపోయి ఉండేది, పుల్లన్న వల్ల. పుల్లన్న మెకానిక్. నాలుగు సందుల అవతల రేకుల షెడ్డు, ఒక్కడే పని చేసుకునేవాడు. ఏ చక్రాన్నయినా బొటనవేలితో పళ్ళు లెక్కపెట్టకుండా బండికి ఎక్కించడు. ఆ కాగితం విప్పి లెక్కపెట్టుకుని, చక్రం చేత్తో పట్టుకుని నడుచుకుంటూ నా కొట్టుకొచ్చాడు.

"ఏమప్పా, బావ పదమూడని చెప్పినాడే. ఇది పదిహేను ఉండాది."

"మనసు మార్చుకున్నాడన్నా. రోడ్డు మీద స్పీడు చాలడం లేదంట. అదే ఎక్కించు."

"గుట్ట ఎక్కేదానికని కదా అనింది? ఇది యేస్తే నడిమధ్యలో నిలబడిపోతాది. శానా ప్రమాదమప్పా."

"నేను చెప్తాండా కదన్నా. బావ మాటే ఇది."

చక్రాన్ని ఇంకోసారి బొటనవేలితో తడిమాడు. బావకు ఫోను చేసి అడగవచ్చు గదా అని మీరనుకోవచ్చు. బామ్మర్ది నోటి వెంట వచ్చాక మళ్లీ బావను అడగడమంటే బామ్మర్దిని అబద్ధాలకోరు అన్నట్టే. పుల్లన్న అంత మాట అనే మనిషి కాదు. సరేనప్పా అని వెళ్లిపోయాడు. వెనక్కి పిలవడానికి నాకు వీధి మలుపుదాకా టైముండింది. నేను పిలవలేదు.

నేనేం కోరుకున్నాను? బండి సగంలో ఆగాలి, అందరూ నవ్వాలి, ఆయన మొహం వాడిపోవాలి, అంతే అనుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. కానీ ఆ గుట్ట నేనూ ఎక్కిందే కదా. సగంలో నిలబడిన బండి నిలబడి ఉండదని, మనిషి మీదికే తిరగబడుతుందని నాకు తెలియదా? తెలుసు. మరి పరువు పోవాలనుకున్నానా, ప్రాణం పోవాలనుకున్నానా? నిజంగా నాకు తెలియదు. అక్క మాత్రం ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు. ఇది నిజం.

బావ తను పోకుండా ట్రాలీ ఆటో పంపి, పుల్లన్న షెడ్డు నుంచి బండిని నేరుగా గనికి తెప్పించుకున్నాడు. అక్కడ నేల మీద రెండు చుట్లు తిప్పి, బాగుందన్నాడు. నేను గుట్ట కింద నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాను. ఆయన ఓడిపోవడం దగ్గర పెట్టుకుని చూసుకోవాలని. ఎంత నీచమో చూడండి.

సగం పైదాకా బాగానే ఎక్కాడు. అక్కడ ఇంజను గొంతు మారింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముందు టైరు గాల్లోకి లేచింది, బండీ మనిషీ కలిసి వెనక్కి తిరగబడ్డారు. బండి ఆయన మీద పడింది. బండినీ ఆయన్నూ కలిపి రాతి బిళ్లలు కిందికి తోసుకొచ్చాయి, ఒకసారి బండి పైన, ఒకసారి ఆయన పైన. కింద ఆగేసరికి ముఖమంతా నెత్తురు. ఒక కాలు మోకాలి దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది. అరుస్తూనే ఉన్నాడు, కాళ్లు యాడున్నాయి, నా కాళ్లు యాడున్నాయి అని. నడుము విరిగిందని కడప ఆస్పత్రిలో చెప్పారు. అప్పటినుంచి ఆయన లేచి నిలబడలేదు.

ఆయన్ను అంబులెన్సు ఎక్కించాక ఆయన తమ్ముడు నాగేశు బండి లేపాడు. ఇంజను పక్క మూత పగిలిపోయి పళ్ళ చక్రం బయటికి కనిపిస్తోంది. దాని మీద పదిహేను అంకె కనిపించింది. నా వైపు తిరిగి ఎన్ని పళ్ళది ఇచ్చావని అడిగాడు. పదమూడు, అన్నాను. ఆలోచించలేదు. నోరు దానంతట అదే అనేసింది. అంతే, పుల్లన్న మార్చేశాడని వాళ్లకు వాళ్లే తేల్చుకున్నారు. నాగేశూ, గుట్ట దగ్గరున్న వాళ్ల మనుషులూ ఎక్కగానే జీపు పుల్లన్న షెడ్డు వైపు కదిలింది. నేనూ ఎక్కాను.

మధ్యాహ్నం ఎండలో, రేకుల షెడ్డు ముందు పుల్లన్న అన్నం తింటున్నాడు. అన్నం గిన్నె తన్నేశారు. జుట్టు పట్టుకుని లాగి, ఐదుగురు కాళ్లతో తొక్కారు. పొట్టలో తన్నారు. ఏం జరిగిందో కూడా ఆయనకు తెలియదు. వాళ్ల తిట్లలోంచి సంగతి తెలిశాక లేవబోయి, చెయ్యి నా వైపు చూపించాడు. "పదిహేనే ఎక్కియ్యమని ఈయప్పే చెప్పినాడు," అన్నాడు.

అందరూ ఆగారు. అందరూ నన్ను చూశారు. నిజం చెప్పడానికి దేవుడు నాకిచ్చిన చోటు అదే. అబద్ధమని అరిచి, ఆయన నోటి మీద పిడికిలితో గుద్దాను. పెదవి చిట్లింది. మళ్లీ ఆ మాటే అనబోయాడు. మళ్లీ గుద్దాను. ఆ నోరు ఆడినంతసేపూ గుద్దుతూనే ఉన్నాను, నన్ను లాగేదాకా. తప్పు పని చేసి పైగా మన పిల్లోడి మీదికి తోస్తాండాడని నాగేశుకు పిచ్చెత్తింది. పుల్లన్న కుడి చేతిని బల్ల మీద పెట్టించి, అక్కడున్న సుత్తితోనే వేళ్ల మీద కొట్టాడు. ఎన్ని దెబ్బలో నేను చూడలేదు. కళ్లు మూసుకున్నాను. చప్పుడు మాత్రం విన్నాను.

పుల్లన్న కేసు పెట్టలేదు. ఎవరి మాట నమ్ముతారు? షెడ్డు మూతపడింది. ఆ వేళ్లు ఇక స్పానరు పట్టుకోలేదు. ఎవరు అడిగినా ఆయన మాత్రం ఒకటే మాట చెబుతూ వచ్చాడు, బామ్మర్దే ఎక్కించమన్నాడని. దెబ్బలు తిని కూడా బుద్ధి రాలేదని ఊళ్లో నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వాను, ఒకటి రెండుసార్లు, నలుగురిలో ఉన్నప్పుడు.

బావను మంచం మీద నుంచి కుర్చీలోకి ఎత్తేది ఇప్పుడు నేనే. స్నానం చేయిస్తాను, ఆస్పత్రికి తీసుకుపోతాను. నువ్వు లేకుంటే నా బతుకు ఏమయ్యేదిరా అని నా మెడ చుట్టూ చేతులు వేస్తాడు. కొట్టినందుకు కూడా ఒకనాడు ఏడ్చి క్షమించమన్నాడు. అక్క చూస్తుండగా. ఆయన కన్నీళ్లు నా తువ్వాలుతోనే తుడిచాను. అప్పుడైనా చెప్పానా? లేదు. సేవ చేస్తున్నాను కదా, తీరిపోతుందిలే అనుకున్నాను. ఎవరికి చేసిన దానికి ఎవరికి సేవ చేస్తున్నాను? పుల్లన్నకు ఒక గ్లాసు నీళ్లయినా ఇచ్చానా?

పోయిన నెల పుల్లన్న దగ్గరికి పోయాను. ఒక నిమ్మతోటకు కాపలా ఉంటున్నాడు. గట్టు మీద కూర్చుని ఎడమ చేత్తో బీడీ వెలిగించుకుంటున్నాడు. కాళ్ల మీద పడ్డాను. అన్నా, నేనే ఇచ్చినాను, నేనే నీకు అబద్ధం చెప్పినాను, అని ఏడ్చాను. ఓదారుస్తాడనుకున్నాను. తిడతాడనైనా అనుకున్నాను. కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నాకెందుకప్పా చెప్తాండావు? నాకు తెల్సిందే కదా అది. తెలియనోళ్లకు చెప్పుపో."

కాలువకు నీళ్లు మళ్లించుకోవడానికి లేచి పోయాడు. అంతసేపూ నేను ఏడ్చింది నా కోసమేనని అప్పుడు అర్థమైంది. లోకంలో ఆ నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషిని వెతుక్కుని పోయి, చాటుగా, తోటలో, ఎవరూ వినకుండా చెప్పాను. ధైర్యం చేశాననుకున్నాను కూడా. తూ!

అందుకే తెలియని మీకు చెబుతున్నాను. మీ తర్వాత బావకు, అక్కకు, నాగేశుకు చెప్పాలి. చెబితే నా అక్క నా మొహం చూడదు. నాగేశు సుత్తి పట్టుకుని నా దగ్గరికే రావచ్చు. రానీ. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఈ మాట నా నోట్లోంచి బయటపడాలి, అంతే.

పదమూడు అడిగిన బావకు పదిహేను ఇచ్చింది నేను. పుల్లన్న వచ్చి అడిగాడు. అదే ఎక్కించమన్నాను. ఆ మధ్యాహ్నం షెడ్డు ముందు, నోట్లోంచి నెత్తురు కారుతుండగా ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం.