ఐదు నిమిషాలు నవ్వుకోండప్పా

పోయిన నెలలో ఒక మంగళవారం, ఆళ్లగడ్డలో మా బ్యాంకు తెరిచి గంట కూడా కాలేదు. ఫోన్ మోగింది. అవతల మా లెక్కల సారు భార్య. ఆమెను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్లం. "సారు పొద్దున పొయినాడు పాపా. ఉయ్యాలవాడకి రా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది.

నేను వెళ్లేసరికి వాళ్ల ఇంటి ముందర చాలామందే ఉన్నారు. అందరి నోటా ఒకటే మాట. పాపం, అంత గొంతున్న మనిషి. పాపం, ఎంత నరకం చూశాడో. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన్ను 'పాపం' కింద జమకట్టి సాగనంపడం నాకిష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగుకు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. నేను రుద్రవరం నుంచి, డిగ్రీ అయిన వెంటనే వచ్చాను. సారు ఒక పెద్ద కోచింగు సెంటరులో లెక్కలు చెప్పేవాడు. రైతుల ఇంటి మనిషి. చేను ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీద వాళ్లను పిలిచి పెరిగిన గొంతు. మూడు వందల మంది కూర్చున్న హాల్లో మైకు వద్దనేవాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన, టీ కలుపుతూ కలుపుతూ తనకూ శాతాలు వచ్చేశాయని అందరికీ చెప్పుకునేవాడు.

ఎవరైనా లేచి "ఈ లెక్క నాకు రాదు సార్" అంటే సారు పాఠం ఆపేసేవాడు. "రాల్యా అను. రాదు అనొద్దు" అనేవాడు. మా వైపు 'రాల్యా' అంటే ఇంతవరకూ రాలేదని. 'రాదు' అంటే ఇక ఎన్నటికీ రాదని. ఆ పిల్లవాడు మాట మార్చి చెప్పేదాకా చాక్‌పీసు కదిలేది కాదు.

నేను చేరిన రెండో ఏడు ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నాం. బీడీ ముట్టని మనిషికి గొంతులో క్యాన్సరు. హైదరాబాదులో ఆపరేషను చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. నాలుగు నెలల తర్వాత సారు మళ్లీ క్లాసుకు వస్తున్నాడని తెలిసి హాలు నిండిపోయింది.

మెడ ముందర తెల్లటి గుడ్డ కట్టుకుని వచ్చాడు. శ్వాస ఆ గుడ్డ వెనకాల రంధ్రం నుంచే. సుద్దపొడి పడకూడదు కాబట్టి నల్లబోర్డు తీయించి తెల్లబోర్డు పెట్టించాడు. జేబులోంచి చిన్న టార్చిలైటంత మిషను తీసి దవడ కింద ఆనించుకున్నాడు. "అందరూ బాగుండారా" అని వినపడింది. ఎత్తూ పల్లం లేకుండా, రేకు డబ్బాలో తుమ్మెద తిరిగినట్టు.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. దాచుకోను.

సారు చేతి గడియారం చూసుకున్నాడు. "ఐదు నిమిషాలు నవ్వుకోండప్పా. నేను ఈడనే ఉంటా. మళ్లా రైళ్ల లెక్కలు చేద్దాం."

రెండు నిమిషాలకే నవ్వు ఆగిపోయింది. ఆయన మాత్రం ఐదూ అయ్యేదాకా కదల్లేదు. మిగిలిన ఆ మూడు నిమిషాలు మేం తల ఎత్తలేకపోయాం. తర్వాత బోర్డు వైపు తిరిగి మొదటి రైలు రాశాడు.

కానీ పరీక్షలు దగ్గరపడ్డాయి. మాట అర్థం కావడం లేదు, వేరే సారును పెట్టండి అని ఎవరో ఒక కాగితం రాశారు. అది బెంచీ తర్వాత బెంచీ దాటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. సంతకం పెట్టాను. సెంటరు యజమాని సారును పిలిచి, ఇంటి దగ్గర కూర్చుని ప్రశ్నపత్రాలు తయారుచెయ్యమని, అందరికీ అదే మంచిదని చెప్పాడట. బోర్డు ముందర నిలబడేదే తన పని, ఇంట్లో కూర్చునేది కాదని చెప్పి సారు ఆ రోజే బయటికి వచ్చేశాడు.

నంద్యాలలో సారు వాళ్ల మిద్దె మీద ఒక రేకుల షెడ్డు ఉండేది. శనగ బస్తాలు పక్కకు జరిపి అక్కడ బోర్డు తగిలించాడు. మొదటి తొమ్మిది రోజులు ఒక్కరూ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ పొద్దున ఆరింటికల్లా పైకెక్కి, బోర్డు మీద లెక్క రాసి, మిషను పెట్టుకుని గంటసేపు పాఠం చెప్పి కిందికి దిగేవాడట. ఎవరికి చెప్తున్నావని అమ్మ అడిగితే, "నాకే చెప్పుకుంటాండా. ఈ గొంతు కొత్తది, అలవాటు కావల్ల" అన్నాడట. పదో రోజు కోయిలకుంట్ల నుంచి ఇద్దరు వచ్చారు.

ఆ ఏడు నేను రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూలో పోయాను. అలా పోవడం మూడోసారి. నలుగురి ముందర కూర్చుంటే నా నోరు పెగిలేది కాదు. మా నాయన తిట్టలేదు, అడగడం మానేశాడు. అదే ఎక్కువ బాధగా ఉండేది. ఒకరోజు సిగ్గు చంపుకుని సారు మిద్దె మెట్లెక్కాను.

"సార్, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉండాది."

"చూసినా. చేతిరాత బాగుండాది. కూర్చో."

కూర్చోకుండానే చెప్పాను, ఇంటర్వ్యూలో నాకు మాట రాదని. ఆయన మిషను కిందికి దించేశాడు. భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడు. తర్వాత మళ్లీ దవడ కింద పెట్టుకుని అడిగాడు.

"ఎవురికి చెప్తాండావ్ పాపా, మాట రాదని?"

మరుసటి రోజు నుంచి పొద్దున మొదటి లెక్క నాది. అందరి ముందర నిలబడి నోటితో వివరించాలి. ఆగిపోతే ఆయన అందించడు. ఒకరోజు మధ్యలో మాట ఆగి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకమ్మాయి లేచి నీళ్ల సీసా ఇవ్వబోతే సారు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను తేరుకుని లెక్క ముగించేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ఆయన మీద కోపంతో చెప్పకుండా దిగి వచ్చేశాను. మరుసటి రోజు వెళ్లేసరికి బోర్డు మీద మొదటి లెక్క పక్కన నా పేరు రాసి ఉంది.

ఆ తర్వాత కూడా ఒకసారి ఇంటర్వ్యూలో పోయాను. ఆ మీదటి ఏడు ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి వెళ్తే మెచ్చుకోలేదు, ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న తప్పు చెప్పావని అడిగాడు. అప్పటికి షెడ్డులో అరవై మంది. పాత సెంటరు యజమాని స్వయంగా వచ్చి, మళ్లీ రమ్మని అడిగాడు. సారు ఆయనకు మజ్జిగ ఇప్పించి, "మీ పిల్లోల్లనే ఈడికి పంపు" అన్నాడు.

ఇప్పుడు సర్వరు ఆగి, కౌంటరు ముందర జనం కేకలేస్తే నేను లోపలికి తప్పుకోను. నిలబడతాను. వాళ్లు ఆగేదాకా నిలబడి, తర్వాత చెప్పాల్సింది చెబుతాను.

ఆయన రాతిమనిషి ఏమీ కాదు. కొన్ని పొద్దుల్లో ఏడ్చేవాడని, మనవరాలిని పేరుపెట్టి గట్టిగా పిలవలేనందుకు ఏడ్చేవాడని సారు పోయిన రోజు అమ్మ చెప్పింది. ఏడ్చి, మొహం కడుక్కుని మెట్లెక్కేవాడట.

పోయిన ఏడు జబ్బు తిరగబెట్టింది. డాక్టర్లు చేసేదేం లేదన్నాక సొంతూరు ఉయ్యాలవాడ చేరాడు. శనగ విత్తే రోజుల్లో చూడటానికి వెళ్తే ఇంట్లో లేడు, చేలో ఉన్నాడన్నారు. వెళ్లి చూద్దును కదా, అరవై దాటిన సారు, తన తమ్ముడి ట్రాక్టరు ఎక్కి దున్నడం నేర్చుకుంటున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి మాట లేదు. మెడ చుట్టూ తడిగుడ్డ రెండు మడతలు. చాలు దిగు, నీకెందుకివన్నీ అని గట్టు మీద తమ్ముడు అరుస్తున్నాడు. నల్లరేగడిలో దుక్కి పాము నడిచినట్టు వంకర్లు పోయింది.

సారు నన్ను చూశాడు. ఒక చెయ్యి తీసి, అక్కడే ఉండమన్నట్టు ఊపాడు. చేను చివర ట్రాక్టరును మెల్లగా తిప్పి అవతలి గట్టు వైపు సాగిపోయాడు. ఆయన వెనకాలే, అప్పుడే తిరగబడిన మట్టిలో, తెల్లకొంగలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.