పెద్దమ్మ కథల్లో నా పేరు

నా చిన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా ద్వేషించిన మనిషి ఒక్కతే. మా పెద్దమ్మ. ఈ మాటంటే మా పిల్లలు నొచ్చుకుంటారు, పెద్దవాళ్ళను అలా అనకూడదమ్మా అని నాకే సుద్దులు చెబుతారు. వాళ్ళకేం, ఆవిడ ముందు ఒక్క పూట పుస్తకం పట్టుకుని కూర్చోలేదు. చిన్ననాటి సంగతులు చెప్పమంటే అందరూ తేనె పూసి చెబుతారు. నా దగ్గర ఆ తేనె లేదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

తొంభైల మొదట్లో మేం గాజువాక దగ్గర అద్దెకుండేవాళ్ళం. నాన్న స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఇంట్లో అమ్మ, నాన్నమ్మ, నేను, తమ్ముడు. పెద్దనాన్న పోయాక అమ్మకి అక్క అయిన పెద్దమ్మ ఒక ట్రంకు పెట్టెతో వచ్చి మా ఇంట్లో చేరింది. అత్తవారి ఊళ్ళో ఉన్న ఇల్లు మరుదులు పంచేసుకున్నారు. వెనక్కి వెళ్తే ఆవిడ కోసం తెరిచే తలుపంటూ అక్కడ ఒకటి లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, నాన్నమ్మకి ఇంకా బాగా తెలుసు. కొడుకు సంపాదన కోడలి పుట్టింటివాళ్ళ పాలవుతోందని నాన్నమ్మ రోజుకొకసారైనా గిన్నెలకీ గోడలకీ చెప్పుకునేది. పెద్దమ్మ వినపడనట్టు అన్నం తినేది. ఒకే వంటింట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా తిరిగేవారు.

ఆ యుద్ధంలోకి నన్ను లాగింది నా చదువే. రెండో తరగతి దాకా నేను ఏ పాఠమైనా గడగడా అప్పజెప్పేదాన్ని, కానీ రెండు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేది కాదు. పక్కపిల్లలు చదువుతుంటే విని బట్టీ పట్టేదాన్ని. మూడో తరగతిలో కొత్తగా వచ్చిన టీచరుకి నా వేలు ఒక వరుస మీద, నోరు ఇంకో వరుసలో ఉన్నట్టు అనుమానం వచ్చింది. పుస్తకం తలకిందులుగా నా చేతికిచ్చి చదవమంది. నేను చదివేశాను. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆవిడ నన్ను బల్లమీద నిలబెట్టింది. మర్నాటి నుంచి బడి అనే మాట వింటే చాలు, నాకు తిన్నది బయటికొచ్చేసేది.

అమ్మ ఏడ్చింది. నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెద్దమ్మ మాత్రం, బడీ వద్దు గిడీ వద్దు, దీనికి నేను చెబుతాను అంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక చిన్న బళ్ళో పాఠాలు చెప్పిందట. అప్పట్లో పిల్లకి ఇంట్లోనే చదువు చెప్పడమంటే మా వీధిలో ఎవరూ ఎరగని వింత. ఆడవాళ్ళు కుళాయి దగ్గర అమ్మని పట్టుకుని అడిగేవారు.

“ఏటమ్మా, పిల్లని బడి మాన్పించి ఇంట్లో కూకోబెట్టినారట? ఏటైనా జబ్బేటి?”

జబ్బు కాదు, పెద్దమ్మ అని చెప్పాలనిపించేది నాకు. ఆవిడ మెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తప్పు చదివితే మొట్టికాయ, ఒప్పు చదివితే “ఊఁ, తర్వాత” అనే ముక్క. ఏడిస్తే ఏడవడం అయ్యాక పిలువు అని లేచి వెళ్ళి బియ్యం ఏరుకునేది. అంత చేసినా నేను చేసేది బట్టీయే. ఆవిడ ఒకసారి చదివి చూపిస్తే చాలు, నా చెవులు పట్టేసేవి, కళ్ళకి పని ఉండేది కాదు. ఆ సంగతి ఆవిడకి తెలిసిపోయింది. తిట్టలేదు. నన్ను చాలాసేపు అలా చూసి ఊరుకుంది. ఆ చూపు నాకు మొట్టికాయ కంటే మంట పుట్టించింది.

వినాయకచవితి నాడు నాన్నమ్మ పంతం పట్టింది. వీధిలో తలెత్తుకోలేకపోతున్నానంటూ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“సింహాద్రప్పన్న మీద ఒట్టేసి సెప్తన్నాను. దసరాకి ఈ గుంట పుస్తకం సదవాల. సదవలేదా, దీన్ని ఆస్టల్లో ఏసేయి. ఆవిణ్ణి ఆళ్ళూరు పంపీయి. అంతే!”

నాన్న నైట్ షిఫ్ట్ చేసి వచ్చి కళ్ళు మూతలు పడుతూ కూర్చున్నాడు. సరేనమ్మా అన్నాడు. పెద్దమ్మ ముందే అన్నాడు. హాస్టలంటే ఏమిటో నాకు తెలుసు. మా బాబాయి కొడుకు అక్కడి నుంచి గుండుతో, ఒళ్ళంతా గజ్జితో వచ్చి, మళ్ళీ వెళ్ళనని మంచం కోడు పట్టుకుని వేలాడాడు. పెద్దమ్మ ఇల్లు విడిచిపోతుందంటే ఒకపక్క సంబరం, నేను హాస్టలుకి పోవాలంటే ఒకపక్క గుండెదడ. ఒకటి కావాలంటే రెండోదీ ఒప్పుకోవాలి.

పెద్దమ్మకి కాలానికొక చదువు ఉండేది. ఎండల్లో ఎక్కాలు, వానల్లో చూచిరాత. వానలు వెనకబట్టి ఆశ్వయుజం దగ్గరపడితే కథలు. యారాడ కొండ కడిగినట్టు పచ్చగా కనబడే రోజులవి. సాయంత్రం అయ్యేసరికి అమ్మ డాబా మీద పేరుకున్న ఎర్రదుమ్ము తుడిచి చాప పరిచేది. పెద్దమ్మ ట్రంకు పెట్టెలోంచి అట్ట ఊడిన కథల పుస్తకం ఒకటి తీసి, వెలుతురు పోకముందే ఒక కథ చదివేది. కథ అనగానే వీధి పిల్లలంతా మెట్లెక్కి వచ్చేవారు.

మొదటిరోజు కథలో ఒక తెలివితక్కువ పిల్ల వానలో చెరువు తడిసిపోతుందని గొడుగు పట్టుకుని రాత్రంతా గట్టుమీద నిలబడింది. ఆ పిల్లకి నా పేరే. ఆ పేరు ఇక్కడ రాయను, అది పడాల్సిన తిట్లు అప్పుడే పడింది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు, మా తమ్ముడైతే చాపమీద దొర్లాడు. పెద్దమ్మ తల కూడా ఎత్తలేదు, పుస్తకంలో ఉన్నది చదువుతున్నట్టే చదువుకుపోయింది. రెండోరోజు కథలో నేను రేపటికి వెలుగు దాచుకుందామని దీపం మీద కుండ బోర్లించాను. మూడోరోజు కోళ్ళకి గంప కొందామని కోళ్ళన్నీ అమ్మేశాను. మర్నాడు పొద్దున్నే పాలప్యాకెట్టుకి వెళ్తే వీధంతా నాకోసం కాపు కాసినట్టుండేది.

“ఏటే, సెరువు తడిసిపోనాదా? గొడుగెట్టినావా నేదా?”

ఎవరో నా సంగతి తెలిసినవాళ్ళు పగబట్టి ఆ పుస్తకం అచ్చు వేయించారనుకున్నాను. అందులోంచి నా పేరు తీయించమని నాన్న కాళ్ళు పట్టుకున్నాను. నాన్న నవ్వాడు. అమ్మ మాత్రం ఒకసారి, పిల్లని ఎందుకప్పా అలా ఏడిపిస్తావ్ అని అడిగింది. పుస్తకంలో ఏటుంటే అదే సదువుతాను గాని, నాను మార్చేత్తానేటి అంది పెద్దమ్మ.

ఆ రోజుల్లో పెద్దమ్మ మధ్యాహ్నం భోజనం అయ్యాక కిటికీ పక్కన చాప వేసుకుని పడుకునేది. కథల పుస్తకం కిటికీలో ఉండేది. నేను పిల్లిలా వెళ్ళి తీశాను, నా పేరున్న కాగితాలన్నీ చింపేద్దామని. నాకు చూడగానే గుర్తుపట్టగలిగిన మాట నా పేరొక్కటే. చెరువు బొమ్మ, గొడుగు బొమ్మ ఉన్న పేజీ పట్టుకుని వేలితో వరుస వరుసా గాలించాను. ఎక్కడా నా పేరు లేదు. మళ్ళీ చూశాను. లేదు. మరి నేను ఉండాల్సిన చోట ఎవరున్నారు? బొమ్మ కింద ఉన్న అక్షరాలను ఒక్కొక్కటీ పలికాను. విడివిడిగా అన్నీ తెలిసినవే. గబగబా కలిపి అంటే చెవికి ఒక మనిషి పేరు వినపడింది. వెంకన్న. ఎవడీ వెంకన్న? వీడి గొడుగు నా చేతిలో ఎందుకు పెట్టింది?

ఒళ్ళు భగ్గుమంది. ఆవిడ దొంగ. ఆ మధ్యాహ్నం నుంచి రోజూ అదే పని. సాయంత్రం నా మీద వేసిన నిందకి మర్నాడు ఆవిడ నిద్రపోతుంటే సాక్ష్యం వెతికేదాన్ని. దీపం మీద కుండ బోర్లించిందీ వెంకన్నే, కోళ్ళు అమ్మిందీ వెంకన్నే. వాడు ఏం చేశాడో, నేను చేశానని ఆవిడ ఏం కలిపిందో పట్టుకోవాలంటే ప్రతి వాక్యమూ కూడబలుక్కోవాల్సి వచ్చేది. అది చదువు అని నాకు తోచనే లేదు. చదువంటే వాచకం, మొట్టికాయ. ఇది దొంగను పట్టుకోవడం. అందరూ ఉన్న రోజు చూసి ఆవిడ బండారం బయటపెట్టాలని ఎవరికీ చెప్పకుండా పళ్ళు బిగబట్టుకున్నాను.

సరస్వతీ పూజ రోజు వచ్చింది. మా ఇంటి ఆచారం ప్రకారం ఆ పొద్దున పుస్తకాలన్నీ అమ్మవారి ముందు పెడితే విజయదశమి దాకా ఎవరూ ముట్టకూడదు, అక్షరం చదవకూడదు. అందుకని పూజకి ముందే నాన్న నా పరీక్ష పెట్టాడు. వాచకం మధ్యలో తెరిచి ఇచ్చాడు. నాన్నమ్మ గుమ్మంలో కూర్చుంది. వాచకం చేతికి రాగానే నాకు ఆ క్లాసూ, ఆ బల్లా కళ్ళముందుకొచ్చాయి. నోరు తనంతట తాను మొదటి పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టింది. నాన్న ఆపమన్నా ఆగలేదు.

“సూసినావా?” అంది నాన్నమ్మ. అంతకంటే ఏం అనలేదు, అవసరం లేకపోయింది. నాన్న పుస్తకం మూసి, దసరా వెళ్ళాక హాస్టలు సంగతి చూస్తానన్నాడు. పెద్దమ్మ పూజకి పుస్తకాలన్నీ సర్ది, కథల పుస్తకం పైన పెట్టి, పసుపూ కుంకుమా వేసింది. తర్వాత లోపలికి వెళ్ళి తన చీరలు ట్రంకు పెట్టెలో పెట్టుకుంది. పిల్ల మధ్యాహ్నాలు చదువుతోంది అని ఒక్కమాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

సాయంత్రం మామూలుగానే డాబా మీద కూర్చుంది. పుస్తకం లేదు, అందుకని నోటితోనే చెబుతానంది. పండగని నాన్నా, నాన్నమ్మా కూడా పైనే ఉన్నారు. వీధి పిల్లలంతా వచ్చారు. ఆ రోజు ఆవిడ నన్ను మామూలుగా వదల్లేదు. కథలో నేను తెలివితక్కువదాన్నే కాదు, దొంగనయ్యాను, పొరుగింటి కుండలో వెన్న తిని పిల్లి మీద పెట్టాను. చివరికి ఊరివాళ్ళు నా ముఖానికి మసి పూసి పొలిమేర దాటించారు. నాన్నమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుతో నాలో ఏదో తెగింది.

“అబద్దం! పుస్తకంలో అలా నేదు! నాను సూసినాను!” అని అరిచాను.

“నువ్వు సూసినావా? నీకు సదవడమే రాదు” అంది పెద్దమ్మ, తాపీగా.

మెట్లు ఎలా దిగానో తెలియదు. అమ్మవారి ముందున్న పుస్తకం లాగేశాను. దీపం కొండెక్కింది, కుంకుమ నేలపాలైంది. అపచారం, అపచారం అని నాన్నమ్మ గుండెలు బాదుకుంటూ వెనకాలే వచ్చింది. నేను మళ్ళీ డాబా ఎక్కి, చాప మధ్యలో నిలబడి, అంతకుముందే కూడబలుక్కున్న వెన్న కథ తీసి మొదటి నుంచి చదివాను. ఒక్కొక్క మాటనీ పెద్దమ్మ ముఖాన కొట్టినట్టు చదివాను. ప్రతి వెంకన్న దగ్గరా ఆగి, ఇక్కడ నా పేరుందా, చెప్పు అని నిలదీశాను. వెన్న తిన్నది నిజంగా పిల్లేనని, ఎవరికీ ఎవరూ మసి పూయలేదని తేలేదాకా వదల్లేదు. చదవడం అయ్యాక చూస్తే ఎవరూ నవ్వడం లేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న లేచి నిలబడి ఉన్నాడు. వచ్చి నా చేతిలో పుస్తకం తీసుకుని, ఇంకో పేజీ తెరిచి, ఇది చదువు అన్నాడు. అదీ చదివాను. నాకేం జరుగుతోందో అప్పటికి గానీ అర్థం కాలేదు.

పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు. రెండుచోట్ల ఒత్తులు మింగేశావు, మళ్ళీ చదువు అంది. అంతే. హాస్టలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ట్రంకు పెట్టెలోని చీరల్ని అమ్మే తీసి బీరువాలో పెట్టింది. నాన్నమ్మ మాత్రం అమ్మవారికి జరిగిన అపచారాన్ని పెద్దమ్మ ఖాతాలోనే రాసి, బతికినంతకాలం ఆవిడతో ముఖం తిప్పుకునే మాట్లాడింది.

పెద్దమ్మకి పగటినిద్ర అలవాటే లేదని నేను కాలేజీలో ఉండగా అమ్మ మాటల్లో అంది. మా ఇంట్లో ఉన్నన్నేళ్ళూ ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చింది ఆ ఒక్క దసరా ముందేనట. విని నాకు మళ్ళీ కోపమొచ్చింది. వీధి వీధంతా నన్ను వెక్కిరించిన ఆ రోజులకి నేను ఇప్పటికీ ఆవిణ్ణి క్షమించలేదు, ఆవిడా క్షమించమని అడగలేదు. కానీ ఒక్కటి ఒప్పుకుంటాను. నా తెలివిని బడి నమ్మలేదు, ఇల్లు నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఆవిడ నా కోపాన్ని నమ్మింది. ఈ భూమ్మీద తనకున్న ఒక్క నీడనీ దానిమీద పందెం కాసి, నోరు మూసుకుని కూర్చుంది. ఇవాళ్టికీ ఎవరైనా నా ముఖాన “అందులో అలా రాసుంది” అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏదీ, ఇలా ఇవ్వు అని చేయి చాస్తాను. ఆఖరి అక్షరం దాకా చదివాకే పోట్లాటకి దిగుతాను.